రిపోర్టు బాగుందని కొలెస్టరాల్ మాత్ర మానేయవచ్చా? నడిస్తే వచ్చే పిక్క నొప్పి ఆ మాత్ర వల్లేనా?

ప్రొద్దుటూరు ప్రాంతం నుంచి ఒకరు తమ నాయనగారి గురించి అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. ఆయన వయసు 62 ఏళ్లు. చాలా కాలంగా షుగర్ ఉంది, రెండేళ్ల కిందటి దాకా బీడీలు తాగేవారు. అప్పుడే గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నారు. నాటి నుంచి రోసువాస్టాటిన్ 20, యాస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 మిల్లీగ్రాములు కలిసిన క్యాప్సూల్ ఒకటి రోజూ రాత్రి వేసుకుంటున్నారు. చెడ్డ కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ 138 నుంచి 66కు దిగింది. ఇటీవల నాలుగు నెలలుగా చేనికి నడిచి వెళ్లేటప్పుడు కుడి పిక్క పట్టేస్తోంది, కాసేపు నిలబడితే సర్దుకుంటోంది. దగ్గు కోసం తీసిన ఛాతీ సీటీ స్కాన్‌లో గుండె రక్తనాళాలలోనూ, గుండె నుంచి బయలుదేరే పెద్ద నాళమైన బృహద్ధమనిలోనూ కాల్షియం పేరుకుందని రాశారు. కొలెస్టరాల్ నార్మల్‌కు వచ్చేసింది, కాలు నొప్పి ఆ బిళ్ల తెచ్చిందే, పైగా నరాలు గట్టిపడటం ఎలాగూ ఆగలేదు కదా అని బంధువులు చెప్పగా, పది రోజులుగా క్యాప్సూల్ ఆపి ఏదో కషాయం తాగుతున్నారట. ఇదే ప్రశ్నలో అడిగిన వ్యక్తి తన సొంత రిపోర్టునూ, చిన్నాన్న కొడుకు రిపోర్టునూ కూడా పెట్టారు. వాటి సంగతి చివరలో చెబుతాను, ఎందుకంటే ముందుగా చేయవలసిన పని వేరే ఉంది.

మీ నాయనగారు ఆపింది కొలెస్టరాల్ మాత్ర ఒక్కటే కాదు. ఆ క్యాప్సూల్ స్ట్రిప్పు తిప్పి, వెనుక చిన్న అక్షరాలలో ఉన్న మూడు పేర్లు చదవండి. మొదటిది కొలెస్టరాల్‌ను తగ్గించేది, తక్కిన రెండూ స్టెంట్ మీద రక్తం గడ్డకట్టకుండా చూసేవి. మన దగ్గర ఈ మూడింటినీ ఒకే గొట్టంలో పెట్టి ఇవ్వడం బాగా వాడుకలో ఉంది. రోజుకు ఒకటే కనుక మరిచిపోకుండా వేసుకుంటారన్న మాట నిజమే కానీ, ఇంట్లో దాని పేరు కొలెస్టరాల్ బిళ్లగా స్థిరపడిపోవడం వల్ల, కొలెస్టరాల్ తగ్గిందనుకున్న రోజున మూడు మందులూ ఒకేసారి ఆగిపోతాయి. స్టెంట్ ఉన్న మనిషికి రక్తాన్ని పలుచన చేసే మందు మొత్తంగా ఆగిపోవడం నిజంగా ప్రమాదకరం. కాబట్టి ఈ రోజే స్టెంట్ వేసిన వైద్యునికో, మీకు అందుబాటులో ఉన్న హృద్రోగ నిపుణునికో ఫోన్ చేసి పది రోజుల విరామం వచ్చిందని చెప్పి, వారి సూచన మేరకు మళ్లీ మొదలుపెట్టించండి. పోయిన రోజులకు బదులుగా రెండేసి వేయకండి. రెండేళ్లు దాటాయి కనుక రెండు పలుచన మందులూ ఇంకా అవసరమా, ఒకటి చాలునా అన్నది ఆ నిపుణుడు తేల్చవలసిన విషయం. చాలామందికి ఒకటి మాత్రం జీవితాంతం కొనసాగుతుంది.

ఇక పిక్క నొప్పి. మీరు రాసిన నాలుగు వాక్యాలలో నన్ను ఆపింది ఇదే. రోసువాస్టాటిన్ లాంటి కొలెస్టరాల్ మందులను స్టాటిన్లు అంటారు. వాటి వల్ల కండరాల నొప్పి వచ్చినప్పుడు అది సాధారణంగా రెండు వైపులా, తొడలలోనో పిరుదులలోనో భుజాలలోనో వస్తుంది, మందు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన కొన్ని వారాలలో కనబడుతుంది, కూర్చున్నా పడుకున్నా కొంత ఉంటూనే ఉంటుంది. మీ నాయనగారి నొప్పి తీరు ఇది కాదు. ఏడాదిన్నరకు పైగా అదే మందు అదే మోతాదులో ఏ ఇబ్బందీ లేకుండా వేసుకున్నారు. నొప్పి ఒక్క కుడి పిక్కలోనే ఉంది, నడిస్తేనే వస్తోంది, దాదాపు అంతే దూరానికి వస్తోంది, నిలబడగానే రెండు మూడు నిమిషాలలో పోతోంది. షుగర్ ఉండి, బీడీలు తాగిన మనిషిలో ఈ లక్షణాలన్నీ ఒకచోట చేరితే కాలికి రక్తం తీసుకువెళ్లే ధమని సన్నబడిందని అనుమానించాలి. అంటే గుండెలో వచ్చిన జబ్బే కాలిలోనూ వచ్చిందన్నమాట. నా అనుమానం నిజమైతే, జబ్బు పెట్టిన నొప్పిని మందు మీదకు తోసి, ఆ జబ్బును అదుపు చేసే మందును ఆపేసినట్లయింది. చాలా ఏళ్లుగా ఈ జిల్లాలోనే వైద్యం చేస్తున్నవాడిగా చెబుతున్నాను, ఇది అరుదైన సంఘటన కాదు.

దీన్ని తేల్చడం కష్టమేమీ కాదు. ముందుగా రెండు పాదాలనూ పక్కపక్కన పెట్టి చూడండి: కుడిది ఎడమదాని కంటే చల్లగా ఉందా, వేళ్ల మీద వెంట్రుకలు రాలిపోయాయా, చర్మం పలుచబడి మెరుస్తోందా, గోళ్లు మందంగా మారాయా. పాదం పైభాగంలో, బొటనవేలి నుంచి పైకి వచ్చే స్నాయువుకు కాస్త వెలుపల, రెండు వేళ్లు మెల్లగా ఆనిస్తే నాడి తగులుతుంది, లోపలి చీలమండ ఎముక వెనుక కూడా మరొకటి తగులుతుంది. ఎడమ కాలిలో దొరికి కుడి కాలిలో దొరకకపోతే వైద్యునికి ఆ మాట చెప్పండి, అయితే దొరికినంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు. తరువాత చీలమండ దగ్గర బీపీనీ చేతి బీపీనీ కొలిచి పోలుస్తారు. చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తే 0.90 లేదా అంతకంటే తక్కువ వచ్చినప్పుడు కాలి ధమని సన్నబడినట్లు లెక్క. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో చీలమండ దగ్గరి నాళాలకు కాల్షియం పట్టి, పట్టీ బిగించినా అవి నొక్కుకోవు కనుక అంకె దొంగగా ఎక్కువ చూపుతుంది. 1.4 దాటితే మంచిదని సంతోషపడకుండా కాలి బొటనవేలి పీడనమో, రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కానో చేయించాలి. ఇవి కడపలోనే అవుతాయి. ఒకవేళ రాత్రి పడుకున్నప్పుడు కూడా పాదం నొప్పి పెట్టి, మంచం కిందికి వేలాడేస్తే గానీ తగ్గకపోయినా, వేలు నల్లబడినా, మానని పుండు ఉన్నా, వాయిదాలు వేయకుండా కర్నూలుకో తిరుపతికో బెంగళూరుకో రక్తనాళాల శస్త్రవైద్యుని దగ్గరికి వెళ్లాలి.

సీటీ రిపోర్టులోని కాల్షియం గురించి మీరు అడిగిన ప్రశ్న నిజంగా మంచిది, దానికి తృప్తికరమైన జవాబు ఉంది. అయితే అసలు నాళంలో ఏమి జరుగుతోందో ముందు చెప్పుకోవాలి. కొవ్వు నాళం లోపలి గోడ పైపైన పేరుకుంటుందని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి ఎల్‌డీఎల్ కణాలు లోపలి పొరను దాటి గోడలోకి చొరబడతాయి, అక్కడ వాటిని మింగడానికి తెల్లకణాలు చేరి కొవ్వుతో ఉబ్బి చనిపోతాయి, ఆ చోటంతా వాచి, నడుమ మెత్తటి కొవ్వు గుజ్జు, దాని మీద పీచుతో అల్లిన ఒక మూత ఏర్పడతాయి. దీన్నే కొవ్వు మచ్చ అందాం. చీము నిండి, పైన చర్మం పలుచబడిన సెగ్గడ్డ ఎంత తేలికగా పగులుతుందో, ఆ మూత పలుచగా ఉన్న మచ్చ కూడా అంతే తేలికగా పగులుతుంది. పగిలిన చోట నిమిషాలలో రక్తం గడ్డకట్టి నాళాన్ని మూసేస్తే గుండెలో గుండెపోటు, మెదడులో పక్షవాతం. గమనించవలసినది ఏమిటంటే, పగిలే మచ్చ నాళాన్ని బాగా మూసిన పెద్ద మచ్చే కానక్కరలేదు. నిన్నటి వరకు నడకలో ఏ ఆయాసమూ లేని మనిషికి తెల్లవారుజామున గుండెపోటు రావడానికి కారణం ఇదే. మరొకటి, స్టెంట్ వేసిన చోట నాళం తెరుచుకుంటుందే తప్ప, మిగతా పొడవంతా, మెడలో, కాలిలో, మూత్రపిండాల దగ్గర ఉన్న మచ్చలకు ఆ స్టెంట్ ఏమీ చేయదు. వాటన్నిటికీ చేరే చికిత్స మందు మాత్రమే.

స్టాటిన్ కాలేయంలో కొలెస్టరాల్ తయారీకి కీలకమైన ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. లోపల సరుకు తగ్గేసరికి కాలేయ కణాలు తమ పైపొర మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలను ఎక్కువగా మొలిపించి, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కుంటాయి. ఈ గ్రాహకాలను కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. రక్తంలో ఎల్‌డీఎల్ బాగా తగ్గి, అలా ఏళ్ల తరబడి తక్కువగా ఉంటే, గోడలోకి చేరేది తగ్గుతుంది, వాపు చల్లారుతుంది, కొవ్వు గుజ్జు కొంత కుంచించుకుపోతుంది, పైమూత మందమవుతుంది, ఆ క్రమంలో మచ్చలో కాల్షియం కూడా గట్టిగా కూడుకుంటుంది. నాళం లోపలికి సన్నని అల్ట్రాసౌండ్ గొట్టం పంపి కొలిచిన 8 అధ్యయనాల సమాచారాన్ని కలిపి 2015లో ప్రచురించినప్పుడు ఇదే కనబడింది: స్టాటిన్ ఎక్కువ మోతాదులో తీసుకున్నవారిలో కొవ్వు మచ్చ పరిమాణం తగ్గింది, కాల్షియం మాత్రం పెరిగింది. పగలడానికి సిద్ధంగా ఉన్న మెత్తటి మచ్చ కంటే కాల్షియం పట్టి స్థిరపడిన మచ్చ మేలు. కనుక మందు వాడుతున్న మనిషి స్కాన్‌లో కాల్షియం ఉందనడం మందు పనిచేయలేదనడానికి సాక్ష్యం కాదు, అదేమాట మీద ఏటేటా కాల్షియం స్కోరు, అంటే గుండె నాళాలలోని కాల్షియాన్ని సీటీతో కొలిచే అంకె, తీయించుకోవడంలో అర్థమూ లేదు. ఆ స్కోరు ఉపయోగం వేరు. ఇంకా ఏ జబ్బూ బయటపడని నలభై, యాభై ఏళ్లవారిలో, మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని వైద్యుడికే సందేహం ఉన్నప్పుడు అది దారి చూపుతుంది: సున్నా వస్తే, షుగరూ పొగాకూ కుటుంబంలో చిన్న వయసు గుండెపోట్లూ లేకపోతే, కొన్నాళ్లు ఆగవచ్చు, 100 దాటితే మొదలుపెట్టడమే మంచిది.

మీ నాయనగారి ఎల్‌డీఎల్ 66 అన్నది నార్మల్ ఎలా అయిందో చూద్దాం. ల్యాబు కాగితం మీద పక్కన 100 లోపు అని అచ్చయి ఉంటుంది. అది ఆరోగ్యవంతులకూ, గుండెపోటు వచ్చినవారికీ, పక్షవాతం వచ్చినవారికీ తేడా లేకుండా అందరికీ ఒకే అచ్చు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో ప్రమాదం తక్కువగా ఉన్నవారికి 100 లోపు, ఎక్కువగా ఉన్నవారికి 70 లోపు, గుండెపోటు, పక్షవాతం, కాలి ధమనుల జబ్బు వంటివి ఇప్పటికే వచ్చి అత్యధిక ప్రమాదంలో ఉన్నవారికి 55 లోపు ఉండాలని చెప్పారు. ఆయన మూడవ వర్గంలోకి వస్తారు. కనుక 66 అన్నది మందు ఆపడానికి కాదు, ఇంకొంచెం పెంచడానికి కారణం. దానికి రోసువాస్టాటిన్‌ను 20 నుంచి 40కి రెట్టింపు చేయాలని అందరూ అనుకుంటారు గానీ, స్టాటిన్ మోతాదును రెట్టింపు చేసిన ప్రతిసారీ అదనంగా దిగేది దాదాపు 6 శాతం మాత్రమే. పేగులో కొలెస్టరాల్ పీల్చుకోవడాన్ని ఆపే ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు చేర్చితే ఇంకో 20 శాతం దాకా దిగుతుంది. 66లో అయిదోవంతు తీసేస్తే 53 వద్ద ఆగుతుంది. నేనైతే మీ వైద్యునితో ఈ సంగతే ప్రస్తావించమంటాను. ఇంతటితోనూ సరిపోనివారికి బెంపెడోయిక్ ఆమ్లం మాత్రలు, రెండు వారాలకొకసారి వేసుకునే ఇవోలోకుమాబ్, ఏడాదికి రెండుసార్లు వేయించుకునే ఇన్‌క్లిసిరాన్ వంటి ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటి ఖరీదు చూస్తే, మన దగ్గర వాటి అవసరం పడేది కొద్దిమందికే అనిపిస్తుంది.

మాత్ర ఆపితే ఏమవుతుందన్నదానికి జవాబు చిన్నది: కొన్ని వారాలలో ఎల్‌డీఎల్ పాత అంకెకే తిరిగి వస్తుంది. మందు కొలెస్టరాల్‌ను నయం చేయదు, తీసుకుంటున్నంత కాలం అణచి ఉంచుతుంది, అంతే. బీపీ మాత్ర విషయంలో ఈ మాట మనవాళ్లు ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నారు. తీసుకుంటే మాత్రం ఫలితం చిన్నది కాదు. 1994లో వెలువడిన స్కాండినేవియా సిమ్వాస్టాటిన్ అధ్యయనంలో గుండె జబ్బు ఉన్న 4,444 మందిని అయిదేళ్లకు పైగా గమనించినప్పుడు, ఉత్తుత్తి మాత్ర (మందు లేనిది) వేసుకున్నవారిలో 12 శాతం, సిమ్వాస్టాటిన్ వేసుకున్నవారిలో 8 శాతం మరణించారు. 20,536 మందితో జరిగి 2002లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనంలో కాలి ధమనుల జబ్బు ఉన్నవారు, షుగర్ ఉన్నవారు, మొదటి నుంచే ఎల్‌డీఎల్ తక్కువగా ఉన్నవారు కూడా లాభపడ్డారు. ఈ చివరి మాట ముఖ్యం, ఎందుకంటే ప్రమాదం అంకె ఒక్కదానిలో లేదు, నాళపు గోడలో ఉంది. అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, ఎల్‌డీఎల్ దాదాపు 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ పెద్ద గుండె, రక్తనాళ ఘటనలు అయిదోవంతుకు పైగా తగ్గుతున్నాయి.

దుష్ప్రభావాలు లేవని నేను చెప్పను. ఉన్నవాటిని ఉన్నంతగా చెప్పాలి. కండరాల నొప్పి కొందరికి నిజంగానే వస్తుంది. అప్పుడు సీకే అనే రక్తపరీక్ష చేసి, థైరాయిడ్ కూడా చూడాలి, ఎందుకంటే థైరాయిడ్ తక్కువగా ఉంటే కొలెస్టరాలూ పెరుగుతుంది, కండరాలూ నొస్తాయి, స్టాటిన్ ఆ నొప్పిని ఇంకా పెంచుతుంది. నొప్పితో పాటు తీవ్రమైన నీరసం, డికాక్షన్ రంగులో మూత్రం వస్తే మందు ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇది అత్యంత అరుదు. మిగతా నొప్పులలో ఎంత భాగం మందుది, ఎంత భాగం భయానిది అన్నదాన్ని పరీక్షించిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. దుష్ప్రభావాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి ఏడాది పాటు కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఏదేమిటో తెలియకుండా ఇచ్చి, కొన్ని నెలలు ఏ మాత్రా ఇవ్వకుండా చూశారు. స్టాటిన్ నెలల్లో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ వచ్చింది. దీని అర్థం వారు నటించారని కాదు, నొప్పి నిజంగానే కలిగింది, కారణం మాత్రం మందులోని రసాయనం కాదు. మోతాదు తగ్గించడం, వేరే స్టాటిన్‌కు మారడం, రోజు విడిచి రోజు వేసుకోవడం వంటి మార్గాలు ఉండగా పూర్తిగా మానేయడం చివరిది కావాలి.

షుగర్ తెస్తుందన్న ప్రచారంలో కొంత నిజం ఉంది. షుగర్ అంచున ఉన్నవారిలో, ముఖ్యంగా ఎక్కువ మోతాదులో, అది కాస్త ముందుగా బయటపడవచ్చు. 2010లో పలు అధ్యయనాలను కలిపి వేసిన లెక్క ప్రకారం 255 మంది నాలుగేళ్లు స్టాటిన్ వాడితే ఒకరికి అదనంగా షుగర్ వస్తుంది, అదే సమయంలో అంతకంటే ఎక్కువమందికి గుండెపోటు వంటివి తప్పుతాయి. మీ నాయనగారికి ముందే షుగర్ ఉంది కనుక ఈ భయానికి ఆయన విషయంలో చోటే లేదు. కాలేయపు ఎంజైములు కొందరిలో పెరుగుతాయి, మూడు రెట్లు దాటితేనే పట్టించుకోవాలి, ఫ్యాటీ లివర్ ఉందని స్టాటిన్ మానవలసిన పని లేదు. ఇక మన ఇళ్లలో గ్యాస్ మందు తాగని మనిషి ఉండడు కాబట్టి చెబుతున్నాను: అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన తెల్లటి గ్యాస్ సిరప్పును రోసువాస్టాటిన్ వేసుకున్న రెండు గంటల తరువాతే తాగాలి, లేకపోతే మందు సరిగా ఒంటికి పట్టదు. క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్‌ను సొంతంగా కొని వేసుకోవద్దు, అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ వాడేవారికి క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ రాస్తే, ఆ వైద్యునికి ముందే చెప్పాలి. ఏ పూట వేసుకోవాలన్న ప్రశ్నకు, అటోర్వా, రోసువాలకు ఏ పూటైనా ఒకటే, మరిచిపోని పూట మంచి పూట.

కషాయం గురించి. అల్లం, వెల్లుల్లి, నిమ్మ, యాపిల్ వెనిగర్ కాచి తేనె కలిపితే పూడుకుపోయిన నరాలు తెరుచుకుంటాయన్న సందేశం వాట్సాప్‌లో అందరికీ ఏదో ఒకరోజు వస్తుంది. వెల్లుల్లి, పసుపు, దాల్చిన చెక్క, చేపనూనె వంటివాటిని రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములతో పోల్చిన అమెరికా అధ్యయనం ఒకటి 2022లో వచ్చింది. 28 రోజులలో అంత చిన్న మోతాదు రోసువాస్టాటిన్ ఎల్‌డీఎల్‌ను 38 శాతం దాకా దించగా, తక్కినవేవీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా దించలేకపోయాయి. ఇంగ్లీషు మందు వేడి, మన మందు చలవ అనే విషయంలో పెద్దవాళ్లతో వాదించి గెలవలేం గానీ, వారికి ఒక విషయం చెప్పి చూడండి. మొట్టమొదటి స్టాటిన్‌ను అకిరా ఎండో అనే జపాను శాస్త్రవేత్త 1973లో వేలాది బూజులను పరీక్షించాక, క్యోటో నగరంలో ఒక ధాన్యపు కొట్టులోని బియ్యానికి పట్టిన బూజు నుంచే తీశారు. ప్రకృతిలో పుట్టిందా, కంపెనీలో పుట్టిందా అన్నది కాదు చూడవలసింది. ఎంత మోతాదు, ఎవరిలో, ఏ ఫలితం అని కొలిచి చూశారా అన్నది. వంటలో వెల్లుల్లి వేసుకోవడానికి నా అభ్యంతరం ఏమీ లేదు. మందు బదులుగా తాగడానికే ఉంది.

తిండి మాట వచ్చింది కనుక రెండు ముక్కలు. శెనక్కాయ నూనె కొలెస్టరాల్ పెంచుతుందన్న అపోహతో మన జిల్లాలో పండిన శెనక్కాయలను అమ్మేసి పామాయిల్ కొనుక్కుంటున్న ఇళ్లు చూస్తున్నాను. ఏ మొక్క నూనెలోనూ కొలెస్టరాల్ ఉండదు, డబ్బా మీద అచ్చేసిన ఆ మాట ఏ నూనెకైనా నిజమే. తేడా చల్లబడితే పేరుకునే సంతృప్త కొవ్వుల్లో ఉంది: అది పామాయిల్‌లో దాదాపు సగం, శెనక్కాయ నూనెలో అయిదోవంతు లోపే. కాబట్టి శెనక్కాయ నూనెనే కొద్దిగా వాడండి. కారం దోశ మీద వేసే వెన్న, వేయించి వేయించి నల్లబడిన నూనెలో వేసిన బజ్జీలు తగ్గించండి. రాగి సంగటి మంచిదే, కానీ ముద్దలో సగం అన్నమే ఉంటుందని, షుగర్ ఉన్నవారికి ఎన్ని ముద్దలన్నది కూడా లెక్కకు వస్తుందని మరవకండి. కాలి జబ్బు తేలితే మందుతో పాటు అసలు చికిత్స నడకే: నొప్పి బాగా వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి, ఇలా అరగంటకు పైగా, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలల పాటు. అయితే గుండెకు ఇబ్బంది లేదని వైద్యుడు చూసి చెప్పిన తరువాతే మొదలుపెట్టాలి, చెప్పులు లేకుండా చేనిలో నడవకూడదు. బీడీ మానిన మనిషి మళ్లీ పట్టకుండా చూసుకోండి, కాలు తీసేయవలసిన పరిస్థితికి అది తెచ్చినంతగా మరేదీ తేదు.

మీ సొంత రిపోర్టు: వయసు 36, మొత్తం కొలెస్టరాల్ 214, ఎల్‌డీఎల్ 128, మంచి కొలెస్టరాల్ అనే హెచ్‌డీఎల్ 34, రక్తంలోని మరో రకం కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్లు 262. ఈ మేళవింపు, అంటే ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, మనదేశంలో చాలా సాధారణం. ఇక్కడ ఎల్‌డీఎల్ కంటే మొత్తం కొలెస్టరాల్‌లో హెచ్‌డీఎల్ తీసేయగా మిగిలిన 180 అన్న అంకెను చూడాలి, మీ వయసుకు అది ఎక్కువే. అయినా మీకు ఈ రోజే స్టాటిన్ మొదలుపెట్టాలని నేను అనను. ట్రైగ్లిజరైడ్లు అన్నం, తీపి, మద్యం, నడుము చుట్టుకొలతలతో పెరుగుతాయి, వీటిని తగ్గిస్తే గట్టిగా దిగుతాయి. మూడు నెలలు ఆ పని నిజాయితీగా చేసి, పరగడుపున మళ్లీ కొలెస్టరాల్ పరీక్ష, దానితో పాటు మూడు నెలల షుగర్ సగటు, థైరాయిడ్ పరీక్ష చేయించండి. జీవితంలో ఒక్కసారి చూసుకుంటే చాలు అనదగిన లైపోప్రోటీన్-ఎ (ఎల్‌డీఎల్ లాంటి మరో కణం) పరీక్ష కూడా అప్పుడే చేయించవచ్చు, అది పుట్టుకతో వచ్చేది కనుక తిండితో మారదు. షుగర్ బయటపడితే నలభై దాటిన నాటి నుంచి స్టాటిన్ దాదాపు ఖాయం. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే మాత్రం అది గుండె సంగతి కాదు, క్లోమగ్రంథి వాపు రాకుండా వెంటనే చికిత్స చేయాలి.

మీ చిన్నాన్న కొడుకు సంగతి మీరు చివర ఒక్క వాక్యంలో రాశారు గానీ, నా దృష్టిలో అది మీ రిపోర్టు కంటే పెద్దది. 29 ఏళ్ల వయసు, సన్నగా ఉంటాడు, ఎల్‌డీఎల్ 240, చిన్న వయసు కదా మాత్ర ఎందుకని ఇంట్లో వద్దన్నారు. 190 దాటితే వయసుతో, లెక్కలతో పని లేకుండా స్టాటిన్ అవసరం. థైరాయిడ్, మూత్రంలో ప్రోటీన్ పోవడం వంటి కారణాలు లేవని చూశాక, ఇది తిండి వల్ల వచ్చింది కాదని, తల్లిదండ్రులలో ఒకరి నుంచి వచ్చిన జన్యు దోషమని అనుమానించాలి. ఇంతకుముందు చెప్పిన ఎల్‌డీఎల్ గ్రాహకాలలో సగం వీరికి పనిచేయవు, పుట్టిన నాటి నుంచే నాళాల గోడలలోకి ఎల్‌డీఎల్ చేరుతూ ఉంటుంది, ముప్పై, నలభై ఏళ్లకే గుండెపోటు రావచ్చు. ప్రతి 250 నుంచి 300 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. మడమ పైన ఉండే లావు స్నాయువును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి చూడండి, మామూలుగా అది చదునుగా, పలుచగా తగులుతుంది, వీరిలో మందంగా, గడ్డలు కట్టినట్లుగా తగలవచ్చు. వేళ్ల కణుపుల మీద, మోచేతుల మీద పసుపు బుడిపెలు, కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం కూడా వెతకండి. ఏవీ లేకపోయినా జబ్బు లేదనడానికి వీలులేదు.

అతను మేనమామ కూతురిని చేసుకున్నాడని, ఏడాదిన్నర బిడ్డ ఉందని కూడా రాశారు. ఇక్కడ ఒక లెక్క చూడాలి. దోషం అతనికి తల్లి వైపు నుంచి వచ్చి ఉంటే, అదే దోషం మేనమామకూ ఆయన కూతురికీ ఉండే అవకాశం ఉంది. కాబట్టి అమ్మ వైపు బంధువులలో చిన్న వయసులో గుండెపోటుతో పోయినవారున్నారా అని అడగండి, తల్లికీ, మేనమామకూ, భార్యకూ కొలెస్టరాల్ పరీక్ష చేయించండి. భార్యాభర్తలు ఇద్దరికీ దోషం ఉంటే, ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశంతో రెండు వైపుల దోషమూ సంక్రమిస్తుంది. అలాంటి పిల్లలలో ఎల్‌డీఎల్ 500 కూడా దాటవచ్చు, మోకాళ్ల మీద, పిరుదుల మీద పసుపు బుడిపెలు మొలుస్తాయి, చికిత్స లేకపోతే పదేళ్ల వయసులోనే గుండె నాళాలు దెబ్బతింటాయి. భార్య ఇప్పుడు గర్భవతిగా ఉన్నా, గర్భం కోసం చూస్తున్నా స్టాటిన్ విషయం వైద్యురాలితో మాట్లాడి తేల్చుకోవాలి, సాధారణంగా ఆ కాలంలో ఆపుతారు. భార్య ఎల్‌డీఎల్ కూడా ఎక్కువగా తేలినా, బిడ్డ ఒంటి మీద బుడిపెలు కనబడినా బిడ్డకు పరీక్ష ఇప్పుడే చేయించాలి. లేకపోతే అయిదేళ్లు దాటాక చేయిస్తే సరిపోతుంది, స్టాటిన్ అవసరమైతే సాధారణంగా ఎనిమిది, పదేళ్ల వయసులో మొదలుపెడతారు. ఆ పరీక్షకు చిన్నపిల్లను పరగడుపున ఉంచవలసిన పని లేదు.